మొదటి పిండి

గింజలు నలిపే ఇనుప బిళ్లలు కొత్తవి బిగించిన మరలో మొదట ఆడించిన పిండిని కుమాసీ పట్నం చుట్టుపక్కల మనుషులెవరూ తినరు. కోళ్లకు పోస్తారు. పోత పోసిన ఇనుము కదా, దాని ఒంటికి ఇసుకా, చిన్న చిన్న పెచ్చులూ అంటుకుని ఉంటాయి. ఒక బేసిన్ మొక్కజొన్న ఆడించి పారబోస్తే బిళ్లలకు ముఖం కడిగినట్టవుతుంది. ఆ తర్వాతే మనిషి వంతు. అందుకే మర దగ్గర పెరిగే కోళ్ల ఒంట్లో ఇనుము ఎక్కువంటారు. అసుఫువా ఊళ్లో ఒక మరకోడి గుడ్డు చేయి జారి కిందపడితే గుడ్డుకేమీ కాలేదు, గచ్చు పగిలింది. నమ్మనివాళ్లకు ఆ గచ్చు ఇప్పటికీ చూపిస్తారు.

తరాల నాటి ఆ అలవాటును మాన్పించినవాడు సుయామే పోత మేస్త్రీ యావ్ బెడియాకో.

సుయామే సంగతి తెలియనిదెవరికి? చచ్చిన లారీని పొద్దున అక్కడ వదిలి, ఫుఫు తిని చేయి కడుక్కుని వచ్చేసరికి రెండు లారీలు నిలబడి ఉంటాయి. మిగిలిన బోల్టులతో ఓ సైకిలు కూడా కట్టి ఇస్తారు. మనం తెచ్చిన లారీ మాత్రం ఆ రెండింట్లోనూ ఉండదు. అలాంటి పేటలో అందరూ మర బిళ్లలు పోసే పద్ధతి ఒక్కటే: పాత బిళ్లను తడి ఇసుకలో అద్ది, ఆ గుంటలో ఇంజను ముక్కలు కరిగించి పోయడం. బెడియాకో అలా చెయ్యలేదు. ప్లాస్టిక్ దారాన్ని కరిగించి బొమ్మలల్లే యంత్రం ఒకటి సంపాదించాడు. ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుని, ఆ యంత్రం చేత కొత్త రకం గాడులున్న బిళ్ల బొమ్మ అల్లించాడు. ఆ బొమ్మను పట్టి ఇనుప అచ్చు చేశాడు. ఇక ఇసుకతో పనేముంది? అచ్చులో కరిగిన ఇనుము పోయడం, తెరవడం, తీయడం. బిళ్ల సీసాలా నున్నగా వచ్చేది. దాని ముఖంలో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు.

బెడియాకో రేడియోలో తన గొంతుతోనే చెప్పుకున్నాడు. "బెడియాకో బిళ్లలు. మొదటి పిండీ మీదే."

మరాడించే ఆడవాళ్లకు ఆ మాట తేనెలా అనిపించింది. కోళ్లు తప్ప అందరూ సంతోషించారు.

అందరికంటే ఎక్కువ సంతోషించింది అతని పెద్దమ్మ అఫువా బిరాగో. తల్లి పోయినప్పటి నుంచి బెడియాకోను వీపున కట్టుకుని పెంచింది ఆమే. అసుఫువా బజారు చివర ఆమె పిండిమర. మొట్టమొదటి జత బిళ్లలు ఆమె మరకే వెళ్లాయి. బస్సు దిగిన చోటి నుంచి వాటిని నెత్తిన పెట్టుకుని, దారిలో ఎదురైన ప్రతివాళ్లకూ దించి చూపించి, మళ్లీ ఎత్తుకుంటూ వెళ్లింది. గంటలో నడిచే దారికి పూట పట్టింది. "మా వాడు పోసినవి, ముట్టుకో. చెయ్యి కడుక్కుని ముట్టుకో," అనేది.

ఇక్కడి దాకా మంచి కథే. చెడ్డ కథ ఒక సూదంటురాయితో మొదలైంది.

ఒక మధ్యాహ్నం బెడియాకో తన షెడ్డులోని మరకు కొత్త జత బిగించి, ఒక బేసిన్ ఆడించి చూస్తున్నాడు. పక్కన కొలిమి దగ్గర అతని జతగాడు ఇస్సా, ఉత్తరాది మనిషి, ఇసుకలో మేకులు ఏరడానికి వాడే సూదంటురాయిని చేత్తో ఎగరేసి పట్టుకుంటున్నాడు. అది జారి పిండిలో పడింది. తీసి చూస్తే దానికి గడ్డం మొలిచింది. నల్లటి, సన్నటి, మెరిసే గడ్డం.

ఇద్దరూ పోతపనివాళ్లే కనుక ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఇసుకలో పోస్తే ఇనుము మెల్లగా చల్లారుతుంది. ఇనుప అచ్చులో పోస్తే చప్పున చల్లారి గాజులా బిరుసెక్కుతుంది, గాడుల అంచులు కొత్తలో పెచ్చులు రాలుతాయి. ఇంకో బేసిన్ ఆడించి సూదంటురాయి ముంచారు. గడ్డం తగ్గింది. ఆ పైన ఆడించినదాంట్లో ముంచితే నున్నగా బయటికొచ్చింది.

"ఇంతేనా," అన్నాడు ఇస్సా. "రేడియోలో చెప్పేస్తే సరి. మొదటి రెండు బేసిన్లూ కోళ్లకు పొయ్యండీ అని."

"పాత బిళ్లలకి ఒకటీ, మన కొత్త బిళ్లలకి రెండా?"

"కోళ్లు మెచ్చుకుంటాయి."

"నవ్వులాటగా ఉందా నీకు. లార్టే గారు సంతకం పెట్టి పోనీ. ఆ తర్వాత చెప్దాం."

లార్టే అక్రా వ్యాపారి. ఉత్తరాన ఊరూరికీ ఈ బిళ్లలు పంపిస్తానన్నాడు. అతను అడిగింది ఒక్కటే, పెట్టె మీద 'మొదటి పిండీ మీదే' అని పెద్దక్షరాలతో ఉండాలని. పది పోత షెడ్లు ఒకటిగా నడిపే పని అది.

"అంటే ఆయన వచ్చేదాకా జనాన్ని ఇనుము తినమంటావు," అన్నాడు ఇస్సా.

బెడియాకో సూదంటురాయిని ప్యాంటుకేసి తుడిచాడు. ఆ నలుపు ఉతికినా పోలేదు.

ఆ రోజు నుంచి అతనికి కెంకే, ఆకులో చుట్టి ఉడికించే మొక్కజొన్న పిండి ముద్ద, సయించలేదు. ఆకు విప్పగానే ఇది ఏ మరలో ఆడించారో అని ఆలోచన. నోట్లో పెట్టుకుంటే నాలుక తినడం మానేసి వెతుకుతూ ఉండేది. చివరికి మొక్కజొన్న ముట్టడం మానేసి పూటపూటా అన్నం తినసాగాడు.

"బియ్యం మనిషివైపోయావు మేస్త్రీ," అన్నాడు ఇస్సా. "మన బిళ్లల మధ్య నుంచి రానిది అదొక్కటేగా."

"నోరు మూసుకుని బొగ్గు వెయ్యి."

లార్టే రేపు మాపు అంటూ ఉండగానే పెద్దమ్మ ఫోను చేసింది.

"ఒరే యావ్, వింటున్నావా? ఏదో హోరుమంటోంది."

"కొలిమి పెద్దమ్మా. చెప్పు."

"ఇక్కడ పెద్ద రభస. పాతవి అరిగాయని నీ రెండో జత బిళ్లలు మొన్నే బిగించాను. చర్చిలో పాడతాడే, ఆ పొడుగాయన, కెంకే కొరికితే పన్ను విరిగిందట. ఆ పన్ను ఎప్పుడో పుచ్చింది, అది వేరే సంగతి. ఇంకో ఇద్దరు కూడా గరుకు గరుకు అన్నారు. నేను నేల ఊడ్చిన మొక్కజొన్న కలుపుతున్నానట. నేను. ఇన్నేళ్లలో నా పిండిలో ఎవరికైనా చీపురు పుల్ల దొరికిందా?"

బెడియాకో ఇస్సాకేసి చూశాడు. ఇస్సా కొలిమిలోకి చూశాడు.

"నానా అక్యియా పిలిపించింది," అంది పెద్దమ్మ. నానా అక్యియా అసుఫువా బజారుకు రాణి. బజారు ఆడవాళ్ల తగువులన్నీ ఆమె ముందుకే వెళ్తాయి. "అందరి ముందూ నిలబెట్టింది. నేనేం తక్కువ తిన్నానా. మా వాడి బిళ్లలు సీసాల్లాంటివి, వాటిలోంచి ఇసుక రాదు, ఇనుము రాదు అన్నాను. నా మరలోంచి గరుకు వచ్చి ఉంటే తానో నది నన్ను చూసుకోనీ అన్నాను."

"తానో మీద ఎందుకు పెద్దమ్మా ఒట్టు..."

"మరి నీ మీద పెట్టమంటావా? పాస్టరు గారు అడుగుతారు, అడగనీ, ఆయనకి వేరే సమాధానం ఉంది. నీ పేరు నిలబెట్టానా లేదా?"

"నిలబెట్టావు."

"మరి ఆ గొంతేంటి? తిన్నావా?"

"తిన్నా."

"ఏం తిన్నావు?"

"అన్నం."

"అన్నమా? ఒంట్లో బాలేదా?"

ఆమె ఫోను పెట్టేసిన తర్వాత కూడా బెడియాకో ఫోనును చెవి దగ్గరే ఉంచుకుని నిలబడ్డాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. వెంటనే తిరిగి ఫోను చేసి, పెద్దమ్మా నాకు తెలుసు అంటే చాలు. కానీ చెప్పాడూ అంటే ఆమె ఒట్టు అబద్ధమవుతుంది. పొద్దున దాకా అతని మాట అతనొక్కడి మీదే బరువు. ఇప్పుడది ఆమె నోట్లోంచి నది దాకా వెళ్లి వచ్చింది.

తానో మీద ఒట్టంటే ఆ ప్రాంతంలో ఆషామాషీ కాదు. పొరుగువాడి మేకను తినలేదని తానో మీద ఒట్టేసిన ఒకాయనకు మర్నాటి నుంచి ప్రార్థన మధ్యలో కడుపులోంచి మేక అరుపు వినిపించేదట. పాస్టరు ఆమెన్ అంటే అది మే అనేది. మేకను తెచ్చి కట్టేదాకా ఊరుకోలేదు. అలాంటి నది.

ఒట్టు పడేసరికి బజారు నోరు మూతపడింది. ఈలోగా బిళ్లలూ పెచ్చులు రాల్చడం మానేశాయి. పిండి మెత్తగా వస్తోంది. బిరాగో నిజమే చెప్పిందని జనం బేసిన్లు పట్టుకుని మళ్లీ వరస కట్టారు. అన్నీ వాటంతటవే సర్దుకుంటున్నాయని బెడియాకో తనకు తాను చెప్పుకున్నాడు. ఎంత చెప్పుకున్నా ఒక పక్క నుంచి వింటున్నవాడూ తనే కనుక నమ్మకం కుదరలేదు.

తర్వాత పెద్దమ్మ కాలు వాచింది. గోనెసంచి కొక్కెం గీరుకుందంతే. ఇంకెవరికైనా అయితే పసరు పిండి కట్టుకుని మర్చిపోయేవాళ్లు. కానీ బజారులో ఆడవాళ్లు ఆమెను పలకరించేటప్పుడు ముఖం చూడడం మానేసి కాలు చూడసాగారు.

ఆదివారం బెడియాకో చూడబోయాడు. ఆమె వసారాలో బల్ల మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. కాలు పనసతొనలా మెరుస్తోంది. పక్కన ఆస్పత్రివాళ్లిచ్చిన మాత్రలు సగం సగమే వాడినవి.

"మందు వేసుకోలేదేం?"

"ఇది మందుకు తగ్గే వాపు కాదు లేరా." ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు గోడకు కూడా వినపడనట్టు మాట్లాడింది. "నిన్నొకటి అడుగుతాను. అందరిలా అనుమానంతో కాదు, ఊరికే. నీ బిళ్లల్లో ఏమీ లేదు కదా?"

ఆమె కళ్లు అతని ముఖం మీద వెతకలేదు. జవాబు ముందే తెలిసినట్టు, వినడానికి మాత్రమే అడిగింది. అదే అతన్ని పడగొట్టింది.

"బిళ్లల్లో ఏముంటుంది పెద్దమ్మా."

"నేనూ అదే అనుకున్నాను." ఊపిరి వదిలింది. "అయితే ఇంకెప్పుడో ఏదో తప్పు చేసి ఉంటాను. ముసల్దాన్ని, గుర్తుండదు. మా అత్తను ఒకసారి తిట్టాను, అదే అయి ఉంటుంది." ఇక కూర్చుని, బతుకంతా తిరగేసి, తను చేసిన పాపం ఏమిటా అని వెతుక్కోవడం మొదలుపెట్టింది. చక్కెర ఎక్కువేసుకున్నది కూడా లెక్కలోకి తెచ్చింది.

బెడియాకో తిరుగు ట్రోట్రో వ్యాను ఎక్కాడు. బండి సగం దారిలో ఉండగా డ్రైవరు రేడియో పెట్టాడు. పాట అయిపోయి బెడియాకో గొంతే వచ్చింది. "బెడియాకో బిళ్లలు," అంది రేడియో. "మొదటి పిండీ మీదే," అని బండెడు జనమూ కలిసి అందుకున్నారు, చర్చిలో చివరి మాట అందుకున్నట్టు. వెనక సీట్లో పసిబిడ్డనెత్తుకున్న ఒకావిడ నవ్వుతూ, "మా అక్క మరకి ఇవే తెచ్చింది, నిన్నే బిగించారు," అంది. "ఇవాళ వీడికి మొదటిసారి జావ కాచి పోశాను."

"బండి ఆపు," అన్నాడు బెడియాకో.

"ఇక్కడ స్టాపు లేదు మేస్త్రీ, అడవి."

"ఆపు."

ముందు వెనక్కి తిరిగి ఆమెతో, "అమ్మా, ఆ పిండి పారబోయమని మీ అక్కకి ఫోను చెయ్యి. ఆ తర్వాతి బేసిన్ పిండి కూడా. ఆ బిళ్లలు నేను పోసినవే," అన్నాడు. ఆమె నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, అర్థం మాత్రం తీసేసినట్టు. అతను దిగి అసుఫువా వైపు నడిచాడు.

నానా అక్యియా ఇంటి ముందు వేరుశెనగ ఒలుస్తోంది. అతను చెప్పినదంతా చేయి ఆపకుండా విన్నది.

"నాకు ఒంటరిగా చెప్పి చేతులు దులుపుకుందామనా," అంది. "మీ పెద్దమ్మ బజారు నిండా ఆడవాళ్ల మధ్య నిలబడి అన్నది. నువ్వూ అక్కడే నిలబడు. రేపు పొద్దున."

మర్నాడు మొక్కజొన్న షెడ్డు కింద బజారంతా చేరింది. పన్ను విరిగిన పొడుగాయన కూడా, పన్ను జేబులో వేసుకుని వచ్చాడు. బిరాగోను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు. చెల్లెలి కొడుకో కన్న కొడుకో అన్న తేడా లేకుండా పెంచిన మనిషిని మధ్యలో నిలబెట్టడం చూసి, "వీణ్ణెందుకు లాగుతారు దీంట్లోకి," అంది.

బెడియాకో చెప్పాడు. గాజులా బిరుసెక్కడం, అంచులు రాలడం, సూదంటురాయి గడ్డం, రెండు బేసిన్లు. మాటలు తడబడ్డాయి. రేడియోలో బాగానే మాట్లాడతాడు.

"అదుగో, నా పన్ను," అన్నాడు పొడుగాయన.

"నీ పన్ను ఆగుతుంది, కూర్చో," అంది నానా అక్యియా. తర్వాత బెడియాకో వైపు తిరిగింది. "ఒక్కటే అడుగుతాను. నీకు ఇది ఎప్పుడు తెలిసింది? మీ పెద్దమ్మ ఒట్టు పెట్టకముందా, పెట్టాకా? తర్వాత తెలిస్తే ఎవరూ అబద్ధమాడలేదు. తెలియక అన్న మాటకు నది రెండు గుడ్లు తీసుకుని ఊరుకుంటుంది. ముందే తెలిసుంటే మాత్రం, తెలిసినవాడు ఆమెను తెచ్చి నీళ్ల ముందు తోశాడన్నమాట."

నానా ముఖంలో ఒక దయ ఉంది. దారి చూపించి పక్కకు జరిగింది, నడవమని. తర్వాతే అని ఒక్క మాటంటే చాలు. ఇస్సా కుమాసీలో ఉన్నాడు. సూదంటురాయికి నోరు లేదు. గుడ్లతో పోతుంది.

అతను ఇంకా నోరు తెరవకముందే కుర్చీలోంచి బిరాగో లేచింది. వాచిన కాలు నేల మీద ఆనించి, పక్కామె భుజం పట్టుకుని నిలబడింది.

"వాడికి ముందు తెలియదు నానా. నేను పెంచిన పిల్లాణ్ణి నాకు తెలియదా. తెలిస్తే నాకు ఫోనులోనే చెప్పేవాడు. నిన్న నేను అడిగినప్పుడు చెప్పేవాడు. కావాలంటే మళ్లీ తానో మీద..."

"పెట్టకు," అన్నాడు బెడియాకో.

ఆమె చేయి అప్పటికే పైకి లేచింది. అతను రెండంగల్లో వెళ్లి ఆ చేయి పట్టుకుని కిందికి దించాడు.

"ఒట్టు పెట్టకు పెద్దమ్మా. ముందే తెలుసు. ఫోను చేసినప్పుడూ తెలుసు. నిన్న అడిగినప్పుడూ తెలుసు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. నిన్న వసారాలో చూడనిదంతా ఇప్పుడు చూసింది. తర్వాత తన చేయి అతని చేతిలోంచి తీసుకుంది. లాక్కోలేదు. ఇంకొకరి వస్తువును పొరపాటున పట్టుకున్నప్పుడు వదిలేసినట్టు, మెల్లగా తీసుకుంది.

"నన్ను కూర్చోబెట్టండి," అంది పక్కామెతో.

తీర్పుకు ఎక్కువసేపు పట్టలేదు. గుడ్లు కాదు, ఒక గొర్రెను బెడియాకోయే తెచ్చి ఏటి ఒడ్డున పెద్దమ్మ తరఫున నదికి క్షమాపణ చెప్పించాలి. ఏ రేడియోలో ఆ మాట అన్నాడో ఆ రేడియోలోనే వెనక్కి తీసుకోవాలి. బిళ్లలు అమ్మిన ప్రతి మరకూ తనే వెళ్లి, తన నోటితో చెప్పాలి. ఫోనులు పనికిరావు. పొడుగాయన పన్ను సంగతి అప్పటికప్పుడు తేలలేదు. అది ఇంకా నడుస్తూనే ఉంది.

బెడియాకో అన్నీ చేశాడు. రేడియోలో కొత్త మాట విన్న లార్టే గారు తిట్టలేదు, అరవలేదు. ఫోను ఎత్తడం మానేశాడంతే. పెద్దక్షరాలు అచ్చేసిన పెట్టెల్ని ఇస్సా విప్పి, షెడ్డు గోడలకు ఎండ తగలకుండా కట్టాడు. బెడియాకో మరల వెంట తిరిగాడు. కొందరు ఆడవాళ్లు చెప్పినందుకు నీళ్లిచ్చారు. కొందరు నెత్తిన పిండి పోశారు. ఒకావిడ రెండూ చేసింది. కొన్ని మరల్లో అతని బిళ్లలు తీసేశారు, కొన్నిట్లో రెండు బేసిన్లు పారబోసి ఉంచుకున్నారు, నున్నగానే ఆడుతున్నాయి కనుక. ఇప్పుడు అతను పోసే ప్రతి జతనూ షెడ్డులోనే ఆడించి, అరగదీసి పంపిస్తాడు. పని మెల్లగా సాగుతోంది. లార్టే అడిగినంత ఎప్పటికీ కాదు.

పెద్దమ్మ కాలు తగ్గింది. సూదిమందు పనిచేసిందంది నర్సు. గొర్రె అన్నాడు ఏటి పూజారి. ఉపవాస ప్రార్థన అన్నారు పాస్టరు గారు. ముగ్గురూ తలా కాస్త గొప్ప పంచుకున్నారు. భయం వదిలాక ఆమె మాత్రలు పూర్తిగా వేసుకుందని మాత్రం ఎవరూ అనలేదు.

చివరి మర కూడా చూసి వచ్చిన మర్నాడు బెడియాకో అసుఫువా వెళ్లాడు. ఊరికే వెళ్లడానికి ముఖం చెల్లక, దారిలో ఒక బేసిన్ మొక్కజొన్న కొని పట్టుకెళ్లాడు. పెద్దమ్మ మర దగ్గర ఆడవాళ్ల వరస ఉంది. చిన్నప్పటి నుంచి అలవాటైన వెనక తలుపు వైపు కాలు తిప్పబోయాడు.

"మేస్త్రీ," అని వినిపించింది లోపలి నుంచి. అతన్ని ఆమె ఏనాడూ అలా పిలవలేదు. "వరస అటు."

వరసలో నిలబడ్డాడు. ముందున్న ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు కానీ ఎవరూ ఏమీ అనలేదు. అతని వంతు వచ్చింది. ఆమె బేసిన్ అందుకుని, గింజల్లో చేయి పెట్టి చూసి, మర తొట్లో పోసింది. బెల్టు చప్పుడులో మాటలు వినపడవు, అతను మాట్లాడడానికి ప్రయత్నించలేదు. పిండి బేసిన్‌లోకి దిగింది. ఆమె చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూసింది, అందరి పిండినీ చూసినట్టే. బేసిన్ అతని ముందు పెట్టి, అరచేయి చాపింది. అతని దగ్గర ఆడింపు కూలి తీసుకోవడం అదే మొదలు. నాణేలు లెక్క చూసుకుని డబ్బాలో వేసింది.

"బాగానే వస్తోంది కదా పెద్దమ్మా," అన్నాడు.

"వస్తోంది." ఆమె అతని భుజం మీంచి వెనక్కి చూసింది. "తర్వాత ఎవరమ్మా?"